ఎనిమిది ముక్కల ఓడ

ప్లాస్టిక్ ముక్కలు అతికించి ఓడ బొమ్మలు చేసుకోవటం ముప్పయ్యేళ్లు దాటిన కాలేజీ పంతులు చెయ్యదగ్గ పనేనా అనే ప్రశ్నను నేనిక్కడ చర్చించబోవటం లేదు. చదరంగం ఆడేవాణ్ణీ, తపాలాబిళ్లలు పోగుచేసేవాణ్ణీ ఎవరూ సంజాయిషీ అడగరు. నా విషయంలో వచ్చిన ప్రశ్న వేరు. మన మిత్రుల్లో ఒకాయన మా ఇంటికి వచ్చి, బల్లమీద సగం కట్టి ఉన్న జలాంతర్గామిని చూసి, "యుద్ధాన్ని ఖండిస్తూ వ్యాసాలు రాసే చేత్తోనే హిట్లర్ ఓడ కడుతున్నారా మాస్టారూ?" అన్నారు. అది హాస్యానికి అన్నమాట కాదు.

ప్రశ్న న్యాయమైనదే. అయితే ఇల్లాంటి ప్రశ్నకు అలవాటుగా వచ్చే జవాబులు రెండున్నాయి, రెండూ నాకు సరిపడవు. "బొమ్మ బొమ్మే, దాని అందం చూసి ఆనందించాలి గాని పుట్టుపూర్వోత్తరాలెందుకు?" అనేది మొదటిది. కావ్యం విషయంలో ఈ మాట అన్నవాళ్లతో మన ముందుతరం పడిన తగవు పాత సంచికల నిండా ఉంది. దాన్ని మళ్లీ తవ్వనక్కర్లేదు. రెండో జవాబు మనవాళ్లది: యుద్ధయంత్రం గనక తాకరాదు, ఇంట్లో పెట్టరాదు. ఇది రాజకీయంలాగా అగుపించే మడి. మడి కట్టుకున్నవాడికి వస్తువు గురించి తెలుసుకోవలిసిన అవసరం ఉండదు. దూరంగా ఉంటే చాలు. చూడబోతే ఈ రెండు జవాబులూ ఒక్క విషయంలో కలుస్తాయి. ఈ ఓడను ఎవరు కట్టారు, ఏ పద్ధతిలో కట్టారు, కట్టేటప్పుడు ఏం జరిగింది అని రెండూ అడగవు.

నేను కడుతున్నది జర్మనీవాళ్లు "టైపు 21" అని పిలిచిన జలాంతర్గామి. రెవెల్ కంపెనీ దీన్ని 144వ వంతు కొలతలో తయారుచేసింది. అసలు ఓడ పొడవు 76.7 మీటర్లు గనక బొమ్మ రమారమి 53 సెంటీమీటర్లుంటుంది. నేను పరీక్ష పేపర్లు దిద్దుకునే బల్లమీద సగం చోటు దానిదే. లోపలి గదులు కూడా అగుపించే రకం కావటంతో పని రెట్టింపు. దీనికి ముందరి జర్మన్ జలాంతర్గాములను మునగగలిగిన ఓడలు అనటం సబబు. ఎక్కువ కాలం నీటి పైనే తిరుగుతూ, దాడికో ప్రాణరక్షణకో కాసేపు మునిగేవి. నీటి అడుగున వాటి వేగం గంటకు ఏడెనిమిది నాట్లు. టైపు 21ను నీటి అడుగున ఉండటానికే రూపొందించారు. దాని లోపలి పొట్టును అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు ఎనిమిది అంకెలాగా ఒకదానిమీద ఒకటి రెండు గుండ్రాలు అగుపిస్తాయి; కింది గుండ్రంలో బాటరీలు. మొత్తం 372 సెల్లులు. వాటి బలంతో నీటి అడుగున 17 నాట్ల వేగం అందుకుంది. అప్పటి సరుకు ఓడలు చాలావాటికి పైన కూడా అంత వేగం లేదు. ఇంజనీర్లు దీన్ని మెచ్చుకోవటంలో ఆశ్చర్యం లేదు. నేనూ మెచ్చుకున్నాను, దాచటమెందుకు?

ఇక పని సంగతి. ఈ బొమ్మలు పెట్టెలో బొమ్మలుగా రావు. ప్లాస్టిక్ చట్రాలకు ముక్కలు కాయల్లాగా వేళ్లాడుతూ ఉంటాయి. ప్రతి ముక్క పక్కనా ఒక అంకె. కట్టరుతో తుంచి, తుంచినచోట మిగిలిన బుడిపెను ఆకురాయితో రాసి, జిగురు పెట్టి అతకాలి. చెప్పటానికి ఇంతే. చెయ్యబోతే ఒక పూటలో మూడు ముక్కలు కుదిరితే అదృష్టం. సరిగ్గా కూర్చోని ముక్కను బలవంతంగా కూర్చోబెట్టకూడదనీ, తప్పెక్కడుందో నాలుగు ముక్కల వెనక్కు పోయి వెతకాలనీ చెయ్యి నేర్చుకుంటుంది. పుస్తకాలతో బతికేవాడికి ఈ క్రమశిక్షణ కొత్త. వాక్యంలో కుదరని మాటను మనం అల్లికతో కప్పిపుచ్చగలం. ప్లాస్టిక్ ముక్క అందుకు ఒప్పుకోదు.

జిగురు అన్నాను గాని అది మామూలు జిగురు కాదు. బంక రెండు వస్తువుల మధ్య మూడో వస్తువుగా నిలుస్తుంది. ఇదట్లా కాదు, రెండంచుల ప్లాస్టిక్కునూ కరిగించి ఒకదానిలో ఒకటి కలిసేట్టు చేస్తుంది. తరవాత తాను ఆవిరై పోతుంది. మా నాన్న కాసేపు చూసి, "ఇది అంటించడం కాదురా, వెల్డింగే," అన్నాడు.

మా నాన్న ఓడలు కట్టే ఒక యార్డులో ఫిట్టరుగా ముప్పయ్యేళ్లకు పైగా పనిచేసి దిగాడు. ఇనప పలకలమీద సుత్తి దెబ్బలూ, గ్రైండింగు రొదా పడీ పడీ ఆయన కుడిచెవి పూర్తిగా, ఎడమచెవి సగం పోయాయి. దిగేటప్పుడు ఇచ్చిన కాగితాల్లో ఆ చెవుల ప్రస్తావన ఎక్కడా లేదు. ఆయనతో మాట్లాడాలంటే ఎడమపక్కన కూర్చుని కేక వెయ్యాలి. కనక మా ఇంట్లో సంభాషణలు క్లుప్తంగా ఉంటాయి. బొమ్మల పని మొదలుపెట్టిన తరవాత కొంచెం పెరిగాయి. చేతులతో చెప్పుకోగలిగిన విషయం ఒకటి దొరికింది.

ఓడ పొట్టును అతికే రోజు వచ్చింది. ఇది పెద్ద పని. పొట్టు రెండు సగాలుగా ఉంటుంది: ఎడమపక్క ఒకటి, కుడిపక్క ఒకటి. లోపలి గదులు అమర్చి, రెండింటినీ చిక్కుడుకాయ ముయ్యటం మాదిరిగా మూసి అతకాలి. మా నాన్న రెండు సగాలనూ చేతుల్లోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఓడని ఇలాగ నిలువునా చీరి కడతారేట్రా ఎవరైనా?"

"బొమ్మ గదా నాన్నా. అచ్చు పొయ్యటానికి ఇట్లా అయితే వీలు."

"మరి నిజంది ఎలాగ కట్టేరు?"

నాకు తెలియదు. పెట్టెలోని కాగితంలో ఓడ పొడవుంది, వేగముంది, ఎన్ని టార్పెడోలు పట్టేవో ఉంది. ఈ ప్రశ్నకు జవాబు లేదు. తరవాత కొన్ని వారాలు బొమ్మను పక్కన పెట్టి దాన్ని గురించే చదివాను.

నిజం ఓడను అడ్డంగా ముక్కలు చేసి కట్టారు. 1943లో జర్మనీకి జలాంతర్గాములు తొందరగా కావలిసి వచ్చాయి. పాత పద్ధతిలో ఒక్కొక్క ఓడను యార్డులో మొదటినుంచీ చివరిదాకా కట్టటానికి వ్యవధి లేదు, పైగా పైనుంచి బాంబులు. అప్పుడు ఆయుధోత్పత్తి మంత్రి ష్పేర్, ఒట్టో మెర్కర్ అనే ఆయన్ను పిలిపించాడు. ఆయన ఓడలవాడు కాడు. మోటారు బళ్లు, అగ్నిమాపక బళ్లు తయారుచేసే కార్ఖానా నడిపినవాడు. ఓడను మోటారు కారులాగా తయారుచేద్దామన్నాడు. పొట్టును ఎనిమిది ముక్కలు చేశారు. దేశం లోపల, సముద్రం మొహం చూడని ఉక్కు కార్ఖానాల్లో గుల్ల ముక్కలు తయారయ్యేవి. వాటిని పడవలమీద నదుల్లో, కాలవల్లో వేరే యార్డులకు చేర్చి ఇంజన్లు, గొట్టాలు, తీగలు అమర్చేవారు. చివరికి హాంబుర్గ్, బ్రేమెన్, డాన్‌జిగ్ రేవుల్లోని మూడు యార్డుల్లో ఎనిమిది ముక్కలనూ వరసగా నిలబెట్టి వెల్డింగు చేసి ఓడ అనిపించేవారు. అంటే, నా బల్లమీది బొమ్మ "కిట్టు" కావటం విచిత్రమేమీ కాదు. అసలు ఓడే ఒక కిట్టు.

మార్క్స్ "కాపిటల్" మొదటి సంపుటం చదివిన విద్యార్థులకు గడియారం ఉదాహరణ గుర్తుండాలి. ఒకడు స్ప్రింగు చేస్తాడు, ఒకడు ముల్లు చేస్తాడు, ఒకడు పళ్లచక్రం చేస్తాడు. వేరువేరు చోట్ల తయారైన ముక్కలు ఆఖరి చేతిలో కలిసి గడియారమవుతాయి. మధ్యలో ఉన్న వేలమంది చేతుల్లో ఎవరి చేతిలోనూ గడియారం ఉండదు. మెర్కర్ పద్ధతి అదే. కాకపోతే మార్క్స్ చెప్పిన పనివాడికి పేరుకైనా కూలి ఉంది. టైపు 21కు సంబంధించిన పనివాళ్లలో కూలి లేనివాళ్లు, పేరుకు బదులు అంకె ఉన్నవాళ్లు వేలమంది.

బ్రేమెన్‌కు వాయవ్యంగా వేజర్ నది ఒడ్డున ఫార్గే అనే ఊరుంది. అక్కడ 1943లో "వాలెంటిన్" అనే పేరుతో ఒక బంకరు మొదలుపెట్టారు. బాంబులు పడినా ఆగకుండా లోపల టైపు 21 ముక్కలను అతకటం ఉద్దేశం. పొడవు 400 మీటర్లు దాటింది. కప్పు కాంక్రీటు మందం కొన్నిచోట్ల 7 మీటర్లు. ఈ కట్టడం పనికి పదివేలమంది దాకా తెచ్చారు: సోవియట్ యుద్ధఖైదీలు, పోలండువాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఇటలీ సైనికులు, నిర్బంధ శిబిరాల ఖైదీలు. సిమెంటు బస్తాలు మొయ్యటం, ఇనప కమ్మీలు మొయ్యటం, పన్నెండేసి గంటల పని, తినటానికి పలచని సూపు. వెయ్యిమందికి పైగా చనిపోయారని పేర్లతోసహా లెక్క తేలింది. తేలనివాళ్లు ఇంకా ఉన్నారు. 1945 మార్చి చివర బ్రిటిష్ విమానాలు ఆ కప్పును పగలగొట్టాయి. పని ఆగిపోయింది. ఆ బంకరునుంచి ఒక్క జలాంతర్గామి కూడా బయటికి రాలేదు. యుద్ధం తరవాత కొన్ని దశాబ్దాలు పశ్చిమ జర్మనీ నౌకాదళం అందులో సామాను దాచుకుంది. 2015లో గాని అది పూర్తి స్థాయి స్మారక స్థలం కాలేదు.

నా బొమ్మకు మూలం వేరే ఓడ, యు-2540. హాంబుర్గ్‌లో బ్లోమ్ ఉండ్ ఫాస్ యార్డులో కట్టారు. 1945 ఫిబ్రవరిలో నౌకాదళంలో చేరింది, మే మొదట్లో సొంత సిబ్బందే దాన్ని ముంచేశారు. 1957లో పైకి తీసి, బాగుచేసి, "విల్‌హెల్మ్ బవర్" అని పేరు మార్చి మళ్లీ వాడారు. 1984నుంచి బ్రేమర్‌హాఫెన్‌లో మ్యూజియంగా ఉంది. దాన్ని అతికిన యార్డులోనే 1944లో నాయెంగామ్ నిర్బంధ శిబిరానికి అనుబంధంగా ఒక శిబిరం పెట్టారు. ఖైదీలచేత పని చేయించుకున్నారు. ఈ ఓడమీదే వాళ్లు పనిచేశారని నేననటం లేదు. ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో తెలియకుండా పోవటమే ఈ పద్ధతికి ఉన్న గుణం.

ఇంత రక్తం పోసి సాధించిందేమిటి? టైపు 21 ఓడలు 118 నౌకాదళంలో చేరాయి. యుద్ధం ముగియబోయే ఆఖరి రోజుల్లో రెండు మాత్రం యుద్ధవిహారానికి బయలుదేరాయి. అవి దేన్నీ ముంచలేదు. ముక్కలు కొలతకు రాలేదు. సముద్రం ఎరగని కార్ఖానాల్లో చేసిన గుండ్రాలు ఒకదానికొకటి సరిగ్గా ఆనలేదు, కోసి, రుద్ది, మళ్లీ చెయ్యవలిసి వచ్చింది. ఈ సంగతి చెప్పినప్పుడు మా నాన్న మొహంలో తృప్తిలాంటిది అగుపించింది. "ఫిట్టర్ని అడక్కుండా గీస్తే అలాగే అవుతాది," అన్నాడు.

ఈ సందర్భంలో బొమ్మల వ్యాపారం గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి. అది అమాయకమైన వ్యాపారమేమీ కాదు, దుర్మార్గమైనదీ కాదు, వ్యాపారం, అంతే. ప్లాస్టిక్ ముక్కల బొమ్మలు 1936లో ఇంగ్లండులో మొదలైనాయి. యుద్ధం తరవాత ఈ రంగంలో పెద్ద పేరు తెచ్చుకున్న ఏర్‌ఫిక్స్‌ను స్థాపించినవాడు హంగరీనుంచి వలస వచ్చిన నికొలస్ కోవ్. ఆ కంపెనీ 1949లో చేసిన మొదటి బొమ్మ యుద్ధవిమానం కాదు, ఫెర్గుసన్ ట్రాక్టరు! ట్రాక్టర్లు అమ్మేవాళ్లు చేత పట్టుకు తిరగటానికి చేయించుకున్నారు. ట్రాక్టరునుంచి టాంకుకు రావటానికి ఈ పరిశ్రమకు ఎంతోకాలం పట్టలేదు. ముక్కలు పోతపోసే పాలీస్టైరిన్‌ను 1930 ప్రాంతాల పరిశ్రమ స్థాయిలో మొదట తయారుచేసింది జర్మనీలో ఐ.జి. ఫార్బెన్. ఆష్విట్స్ పక్కన మోనోవిట్స్‌లో ఖైదీలతో రబ్బరు కార్ఖానా కట్టించుకున్నది కూడా ఆ సంస్థే. ప్లాస్టిక్కుకు పాపం అంటిందని నా అభిప్రాయం కాదు. అట్లా అనుకుంటే మళ్లీ మడిలోకే పోతాం.

1961లో అమెరికాలో రెవెల్ కంపెనీ పోలారిస్ అణు జలాంతర్గామి బొమ్మను లోపలి గదులతోసహా అమ్మకానికి పెట్టింది. అణు జలాంతర్గాముల కర్త అడ్మిరల్ రికోవర్ అగ్గిమీద గుగ్గిలమైనాడు: శత్రువు మూడు డాలర్లయినా ఖర్చు పెట్టకుండా రహస్యాలన్నీ కొనుక్కోగలడట! రియాక్టరు ఎక్కడుందో, క్షిపణులు ఎట్లా అమర్చారో బొమ్మ చెప్పేస్తుందని ఆయన భయం. బొమ్మ చెప్పని రహస్యం మాత్రం ఎవరికీ తట్టలేదు. ఇక జర్మనీ మాట. అక్కడి చట్టం నాజీల స్వస్తిక చిహ్నాన్ని నిషేధించింది గనక అక్కడి కంపెనీల పెట్టెలమీదా, నీళ్లలో నానబెట్టి అతికే బొమ్మలమీదా అది ఉండదు. చట్టం మంచిదే. కాని గుర్తు పోయింది, యంత్రం మిగిలింది. చెరిపింది ఆఖరికి చిన్న రంగుకాగితం ముక్క.

మళ్లీ నా బల్లదగ్గరికి వస్తాను. పొట్టు రెండు సగాలూ అతికిన తరవాత ఓడ పొడవునా, వీపుమీదా పొట్టకిందా, సన్నని అతుకు గీత మిగులుతుంది. బొమ్మలు కట్టేవాళ్లలో చెయ్యి తిరిగినవాడికి గుర్తు ఆ గీతను మాయం చెయ్యగలగటం. లప్పం పెట్టాలి, ఆరనివ్వాలి, ఎమరీ పేపరుతో తడిపి తోమాలి, వేలికి ఏమీ తగలనంతదాకా మళ్లీ మళ్లీ తోమాలి. నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. తోముతూ ఉండగా ఒక సంగతి స్ఫురించింది. నేను చెరుపుతున్న అతుకు నిజం ఓడలో లేనేలేదు. నిజం ఓడలో ఉన్న అతుకులు, ఎనిమిది ముక్కలు కలిసిన ఏడు గుండ్రాలు, మనుషులు నిలబడి, పడుకుని, మంట మింగుతూ వేసిన ఏడు వెల్డింగు చుట్లు, వాటి జాడ నా బొమ్మలో ఎక్కడా నాకు అగుపించలేదు. అచ్చు పోసినవాడి అతుకును నాచేత చెరిపించారు. ఓడ కట్టినవాడి అతుకు ముందే చెరిగిపోయి వచ్చింది.

సాహిత్యం పాఠం చెప్పేవాణ్ణి గనక ఆలోచన అటు పోయింది. శ్రీశ్రీ "దేశచరిత్రలు" ప్రతి సంవత్సరం చెబుతాను. కట్టడాలు చూసి కట్టినవాళ్లను అడిగిన గేయం అది. జర్మనీలో బ్రెహ్ట్ కూడా 1930 దశాబ్దంలో అటువంటి ప్రశ్నలే ఒక చదువుకున్న కార్మికుడిచేత అడిగించాడు. ఆ ప్రశ్నలు అడిగేనాటికి అవి దెబ్బలు. ఇవాళ మా విద్యార్థి పరీక్ష పేపరులో "కవి శ్రామికవర్గ దృక్పథాన్ని ప్రతిబింబించెను" అని రాసి, అయిదు మార్కులు తీసుకుని, కలం మూస్తాడు. ఎవరా శ్రామికులు? ఏం మోశారు? ఎట్లా మోశారు? ఆ పనికి ఏ పనిముట్టు వాడారు, ఏ అవయవం పోయింది? ఆ మాట ఇప్పుడు లప్పం పని చేస్తున్నది. విద్యార్థిని అని లాభం లేదు. మన కథలూ వ్యాసాలూ కూడా చాలావరకు ఇదే పద్ధతిలో నున్నగా ఉన్నాయి. "కార్మికుడు" అని రాస్తాం, అతను పిడికిలి బిగిస్తాడు. పిడికిలి బిగించకముందు ఆ చేతిలో ఏ సైజు స్పానరుందో మనకు తెలియదు. ముప్పయ్యేళ్లు ఓడలు కట్టిన మనిషి ఇంట్లో పెరిగినవాణ్ణి నేను చెబుతున్నాను: నేను చదివిన కార్మిక కథల్లో మా నాన్న పని అగుపించదు. ఆయన కష్టం ఉంది, ఆయన ఆకలి ఉంది, ఆయన తిరుగుబాటు ఉంది. పని లేదు.

కిందటి శీతాకాలం మా విద్యార్థులను కొందరిని విశాఖపట్నం తీసుకుపోయాను. మా నాన్న కూడా వచ్చాడు. రామకృష్ణా బీచిలో ఇసకమీద నిలబెట్టిన "కుర్సురా" చాలామంది చూసే ఉంటారు. సోవియట్ యూనియన్ నుంచి కొన్న ఓడ. 1969 డిసెంబరు 18న రీగాలో మన నౌకాదళంలో చేరింది. 2001లో విరమించింది, 2002 ఆగస్టులో మ్యూజియం అయింది. పొడవు 91.3 మీటర్లు, లోపల 75 మంది బతికేవారు. దీనికీ నా బొమ్మకూ చుట్టరికం ఉంది. యుద్ధం తరవాత టైపు 21లను గెలిచినవాళ్లందరూ పంచుకున్నారు; సోవియట్‌లకు నాలుగు దక్కాయి. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్సు, సోవియట్ యూనియన్ అన్నీ వాటిని విప్పి చూసి నేర్చుకున్నాయి. 1950ల సోవియట్ జలాంతర్గాముల్లో ఆ పాఠం ఉంది; వాటికి తరవాతి తరం కుర్సురా జాతి. ఫాసిజంతో పోరాడి గెలిచిన దేశం కూడా ఫాసిస్టు కార్ఖానానుంచి నేర్చుకున్నదనటం మనలో కొందరికి నచ్చకపోవచ్చు. సాంకేతిక జ్ఞానానికి వంశశుద్ధి లేదు.

విద్యార్థులు గైడును అడిగిన ప్రశ్నలు అనుకున్నవే: టార్పెడోలు ఎన్ని, ఎంత లోతుకు పోతుంది, గాజీని ముంచింది ఇదేనా. పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ రేవు బయట మునిగింది. అందులో ఉన్నవాళ్లలో ఒక్కరూ బతకలేదు. ఆ గాజీ అమెరికాలో కట్టిన ఓడ. కట్టినవాళ్లు ఒకచోట, చచ్చినవాళ్లు ఇంకోచోట, జెండాలు మరోచోట. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ జలాంతర్గాముల్లో పనిచేసిన రమారమి నలభైవేలమందిలో ముప్పయివేలకు దగ్గరగా తిరిగి రాలేదు. పాత రకం జలాంతర్గాములు ముంచిన బ్రిటిష్ సరుకు ఓడల బాయిలర్ల దగ్గర బొగ్గు వేస్తూ మన దేశపు "లాస్కర్లు" ఉండేవారు. వాళ్లు వేలమంది పోయారు. వాళ్ల బొమ్మల పెట్టె ఏ దుకాణంలోనూ లేదు.

ఆ ఇరుకులో మా నాన్నకు గైడు మాటలు వినపడవు. ఆయన తన దారిన తాను గోడలు తడుముకుంటూ పోయాడు. ఒక గదినుంచి ఇంకో గదికి పోయే గుండ్రని ద్వారం దగ్గర ఆగి, వంచిన ఉక్కు అంచుమీద బొటనవేలు పెట్టి వెల్డింగు వెంబడి మెల్లగా పూర్తి చుట్టు తిప్పాడు. వెనక వరస ఆగిపోయింది. ఒక విద్యార్థిని ఆయన చెవి దగ్గర, "ఏం చూస్తున్నారు తాతగారూ?" అని కేక వేసింది. "ఇక్కడ ఒకడు ఆపేడు, ఇంకొకడు అందుకున్నాడు. చెయ్యి మారింది," అన్నాడాయన. ఆ అమ్మాయి తన వేలు పెట్టి చూసింది. తెలిసిందో లేదో నాకు తెలియదు. తరవాత మిగిలిన ద్వారాల దగ్గర కూడా వేలు పెట్టి చూస్తూ వచ్చింది.

బయటికి వచ్చి ఇసకలో కూర్చున్నాం. నువ్వు ఎన్ని ఓడలు కట్టావు నాన్నా అని అడిగాను. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎందుకు రాలేదో గాని, వచ్చింది.

"నేను ఓడ కట్టలేదురా. బ్లాకులు కట్టేను. అడుగు బ్లాకులు. ఓడ యార్డు కట్టింది."

ఇది వినయం కాదు, నిరాశ కూడా కాదు. ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇవాళ ఓడలన్నీ బ్లాకులుగానే కడతారు. మెర్కర్ తొందరలో చేసి చెడగొట్టిన పనిని తరవాత ప్రపంచమంతా నెమ్మదిగా, సరిగ్గా చెయ్యటం నేర్చుకుంది. తాను కట్టిన బ్లాకు పెద్ద క్రేను పట్టుకుని డాకువైపు పోయేటప్పుడు ఆయన చూసేవాడు. అది అతుకుపడ్డ తరవాత ఏది తనదో రంగు కింద తెలిసేది కాదు. ఓడను నీళ్లలోకి వదిలే రోజున కొబ్బరికాయ కొట్టే వేదిక దగ్గరికి పనివాళ్లను రానిచ్చేవాళ్లు గాని, కుర్చీలు ఉండేవి కావు.

ఇంటికి వచ్చిన తరవాత బొమ్మను మళ్లీ తీశాం. టైపు 21 ముక్కలు ఎక్కడెక్కడ కలిశాయో చూపే పటం ఒకటి సంపాదించాను. దాన్ని 144తో భాగించి కొలతలు వేశాం. నేను వేసిన కొలతలను మా నాన్న నమ్మడు. తన స్టీలు స్కేలుతో మళ్లీ వేశాడు. ముక్కు వైపునుంచి ఒక్కొక్క గుండ్రం చుట్టూ కాగితం పట్టీ చుట్టి, దాని అంచు వెంట పెన్సిలుతో గీశాం. అర మిల్లీమీటరు తేడా వస్తే ఆయన చెరిపించాడు. అర మిల్లీమీటరు నిజం ఓడలో ఏడు సెంటీమీటర్ల పైమాట అని గుర్తు చేశాడు. అంత సందులో వెల్డింగు ఎవడు నింపుతాడు అని కసురుకున్నాడు. ఈ కొలతలో నిలువెత్తు మనిషి రమారమి పన్నెండు మిల్లీమీటర్లు. నేను చూసినంతవరకు ఈ బొమ్మలకు అమ్మే మనుషులు టోపీ పెట్టుకుని, దుర్భిణి పట్టుకుని గోపురంమీద నిలబడతారు. పడుకుని పైకి చూస్తూ మంట పట్టుకున్నవాడి బొమ్మ ఎక్కడా దొరకలేదు. చట్రంలో మిగిలిన ప్లాస్టిక్ కాడను దీపంమీద సాగదీసి ఒకడిని చేద్దామని ప్రయత్నిస్తున్నాను. మనిషి రావటం లేదు గాని, పడుకున్న భంగిమ వస్తున్నది.

ఏడు గీతలూ పూర్తయినాయి. పెరిస్కోపు, చుక్కాని, ముక్కు దగ్గర టార్పెడో గొట్టాల తలుపులు ఆరూ ఇంకా అతకాలి. వాటికి ముందు రంగు సంగతి తేలాలి. గీతలమీద బూడిదరంగు పడితే గీతలు పోతాయి. రంగు వెయ్యకపోతే ఓడ అసంపూర్తిగా ఉండిపోతుంది. మా నాన్న పెన్సిలు వద్దంటున్నాడు. యార్డులో సుద్దగీత రంగు కింద పోకుండా గీత వెంబడి సెంటరుపంచితో సన్నని చుక్కలు కొట్టేవారట. ఎన్ని కోట్లు రంగు వేసినా వేలికి తగులుతాయట. ప్లాస్టిక్కుకు సుత్తి దెబ్బ పనికిరాదు గనక, గుండుసూది మొనను దీపంమీద వేడిచేసి పొడిస్తే ఎట్లా ఉంటుందో ముందు చట్రం ముక్కమీద చూస్తున్నాం.